టూవూంబా మైదానంలో ఆగిపోయిన మూడో అంచె

మా అమ్మాయి శాన్వికి పదమూడేళ్లు. క్లబ్ రిలే జట్టులో మూడో అంచె తనది. ఫ్రాన్స్ జట్టు తరఫున అదే అంచె పరుగెత్తి రిటైరైన ఎలోడీ అనే ఆవిడ కొండ మీది టూవూంబా ఊళ్లో ఒకరోజు శిక్షణ ఇస్తోందని తెలిసినప్పటి నుంచి, "అమ్మా, ప్లీజ్, వి హావ్ టు గో" అని నా ప్రాణం తీసింది. బ్రిస్బేన్‌లోని మా ఇంటి నుంచి కారులో రెండు గంటల దారి. బస్సులున్నాయి గానీ, దిగాక మైదానానికి వెళ్లాలంటే మళ్లీ కారే కావాలి. పొద్దున్నే బయల్దేరినా, కొండ ఎక్కేచోట పొగమంచు కమ్మి లారీల వెనక పాకాల్సి వచ్చింది. ఫీజు అరవై డాలర్లు, మధ్యాహ్నం శాండ్‌విచ్‌తో సహా.

ఎలోడీకి నలభై దాటి ఉంటాయి. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. వెనక్కి చూడకుండా చెయ్యి చాచి బ్యాటన్ అందుకోవడం ఉదయమంతా పిల్లలతో చేయించింది. టీ విరామంలో, పరుగు ఎప్పుడు మానేశారని అడిగాను.

"నేను మానలేదు, మాన్పించారు," అంది.

పారిస్ శివార్లలో చిన్నప్పుడే మొదలుపెట్టిందట. వంద మీటర్లలో ఎప్పుడూ నాలుగో స్థానమో ఐదో స్థానమో. కానీ మలుపులో ఆమెను మించినవాళ్లు లేరు, అందుకే రిలేలోకి తీసుకున్నారు. ఒక పెద్ద పోటీలో సెమీఫైనల్ ముందు మడమ వెనక నరం మండిపోతోందని చెబితే, కోచ్ ఇంజెక్షన్ చేయించి, "పరుగెత్తకపోతే ఫైనల్లో నీ చోటు ఇంకొకరిది" అన్నాడు. పరుగెత్తింది. బ్యాటన్ అందించాక నరం తెగింది. ఫైనల్లో జట్టు పతకం గెలిచిన పరుగును ఆసుపత్రి మంచం మీద నుంచి చూసింది. "ఆ రాత్రి ఒక్కరూ ఫోన్ చేయలేదు," అన్నప్పుడు ఆమె గొంతులో దుఃఖం లేదు, కోపమే ఉంది.

మధ్యాహ్నం శాన్వి కుంటడం చూశాను. పిల్లలతో వచ్చిన మా క్లబ్ కోచ్ భుజం తట్టి, "చిన్న నొప్పే, మేట్. జట్టులో ఉండాలంటే పరుగెత్తు" అంటున్నాడు. నేను పరుగున వెళ్తే, "పేరెంట్స్ గీత అవతలే ఉండాలి" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, ఐ యామ్ ఫైన్," అంది శాన్వి కళ్లనీళ్లతో.

ఎలోడీ వచ్చి శాన్వి పరుగెత్తాల్సిన వరుసకు అడ్డంగా నిలబడింది. "ఈ పిల్ల పరుగెత్తదు."

"తను నా అథ్లెట్."

"కాలు కూడా నీదేనా?"

అతను భుజాలెగరేసి, శాన్వి ముందే ఇంకో అమ్మాయిని మూడో అంచెకు పిలిచాడు.

"యు బోత్ రూయిన్డ్ ఇట్," అని నన్నూ ఎలోడీనీ కలిపి తిడుతూ కారులో దారంతా ఏడ్చింది నా కూతురు. రెండు రోజుల తర్వాత స్కాన్‌లో పాదం ఎముకకు సన్నని చీలిక కనిపించింది. ఇంకొంచెం పరుగెత్తి ఉంటే విరిగేదని డాక్టర్ చెప్పింది. క్లబ్‌కు ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. ఆ కోచ్ ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు.

నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. ఒకరి కాలు విరిగినా జట్టు గెలుస్తుంది, పతకం మెరుస్తుంది, ఫొటోలో నవ్వులుంటాయి. కుంటుతూ మిగిలేది మాత్రం ఒక్క మనిషి. శాన్వి నాతో మామూలుగా మాట్లాడడానికి పది రోజులు పట్టింది. ఆ మాటల్లో మొదటిది, "ఎలోడీకి మెసేజ్ పెట్టనా?"

మీరూ ఇలాంటి శిక్షణకు పిల్లల్ని తీసుకెళ్తుంటే, మైదానంలో గాయాలు చూసే ఫిజియో ఉంటారా అని ముందే అడగండి. "కోచ్ చూసుకుంటాడు" అన్నారంటే, వెళ్లకండి.