బిజిలీ బూట్లు, పోలయ్య కత్తిపీట

అది 2022. వానలు తగ్గి, పోర్ట్ బ్లెయిర్‌లో పెళ్లిళ్లు ఊపందుకుంటున్న రోజులు. మిన్నీ బే దగ్గర ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండర్‌ని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆవులు, మేకలు, పందులు, బాతులు, ఒక ఆఫీసరు గారి చిలుక... ఈ దీవుల్లో నా సూది రుచి చూడని జీవి లేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. గుర్రం ఒక్కటి తప్ప. మాకు తిమింగలం కనబడడం తేలిక, గుర్రం కనబడడం కష్టం.

అందుకే ఒక ఉదయం సింహాచలం తెల్లగుర్రాన్ని నడిపించుకుంటూ మా గేటు లోపలికి వచ్చినప్పుడు నేను ముందు టీ గ్లాసు కింద పెట్టాను. తెరిచిన నోరు మూయడానికి ఇంకాస్త సమయం పట్టింది.

సింహాచలం ఓడల్లో లస్కరుగా, అంటే డెక్కు మీద పనివాడుగా చేసి రిటైరైన మనిషి. తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చారు. మాటలో సగం ఆ ఒడ్డు, సగం హిందీ. మా దీవుల్లో పెళ్లికొడుకులందరికీ బరాత్ మోజు పట్టుకుంది, అంటే గుర్రమెక్కి ఊరేగడం. అది కనిపెట్టి ఈయన మెయిన్‌లాండ్ నుంచి ఓడ మీద ఒక ఆడగుర్రాన్ని తెప్పించాడు. దాని పేరు బిజిలీ. మా దగ్గర బిజిలీ అంటే కరెంటు కూడా. రెండూ ఎప్పుడు ఆగిపోతాయో దేవుడికే తెలియదు.

"కాంపౌండర్ బాబూ, దీని కాళ్లు చూడండి. ఎవడో కొడతన్నాడు. రోజూ. సేమ్ జాగా."

వంగి చూశాను. ముందు కాళ్లు రెండింటికీ గిట్ట పై కీలు దగ్గర గాట్లు. కొన్ని ఎండినవి, కొన్ని పచ్చివి. ఒక్కొక్కటీ అచ్చం నెలవంక. గీసి పెట్టినట్టుంది.

"ఎవరి మీదైనా అనుమానమా?" అన్నాను. పశువైద్యంలో ఏ పుస్తకంలోనూ ఈ ప్రశ్న లేదు. అడిగాక మాత్రం, ఇంత రుచిగల ప్రశ్న ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదా అనిపించింది.

"అనుమానమేటి, పక్కా! మా ఎదురింటి పోలయ్య బావే. రోజూ పొద్దున్న దీన్ని ఒడ్డుకి తీసికెల్తాను. ఆడింటి మలుపు దాటినాకే నెత్తురు. ఆ మలుపు కాడికొచ్చేసరికి బెదిరిపోయి ఒకటే పరుగు. తాడు జారిపోతాది, నానెక్కడో ఎనకాల పరుగే."

పోలయ్య చేపలవాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్లుగా బావా బావా అని పిలుచుకునే స్నేహం. ఒకే పడవలో తిరిగారు, ఒకే బీడీ పంచుకున్నారు. ఆ నెలలోనే బిజిలీ వెళ్లి పోలయ్య ఆరబెట్టిన వల మీద నిలబడింది. వల చిరిగింది. "ఇంకోపాలి తొక్కితే నీ గుర్రానికి కాళ్లుండవురా" అని పోలయ్య అన్నాడట. వీధి వీధంతా విన్నదట.

"డాక్టరు గారి చేత ఒక కాయితం రాయించండి బాబూ. ఆయుధంతో కొట్టిన దెబ్బ అని. ఠాణాలో పడేస్తాను. ఇక ఆడూ నానూ ఈ జనమలో మాటాడుకోం."

డాక్టరు గారు ఆవుల టీకాల పని మీద ఫీనిక్స్ బేలో ఓడెక్కి డిగ్లీపూర్ వెళ్లారు. తిరిగి రావడానికి పది రోజులు. కాయితం రాయగలను, సంతకం మాత్రం ఆయనది. ఈలోగా నేరపరిశోధన బాధ్యత పూర్తిగా నా మీద పడిందని నేనే నిర్ణయించేసుకున్నాను.

ఆ సాయంత్రమే చేపలు కొనే నెపంతో పోలయ్య ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఆయన భార్య గౌరమ్మ సూరచేప కోస్తోంది. దేంతో కోస్తోందో చూసి అక్కడే ఆగిపోయాను. కత్తిపీట! వంపు తిరిగిన అంచు! అచ్చం నెలవంక! ఆ అంచు నా కళ్లకి అప్పటికప్పుడు మూరెడు పెరిగింది.

"రండి బాబూ" అంటూ పోలయ్య నవ్వాడు. నేరస్తులు అలాగే నవ్వుతారనుకున్నాను. చేప చేతిలో పెట్టి నవ్వడం మానేశాడు. ఇక అనుమానమే లేదు. గూటిలో అరటిగెల ఉంది. ఇద్దరే ఉండే ఇంట్లో అన్ని పళ్లెందుకు? అది కూడా మనసులో రాసుకున్నాను.

ముందు కాళ్లు కాపాడాలి. మెయిన్‌లాండ్ రేసుల్లో గుర్రాలకి బూట్లు తొడుగుతారని విని, రెండు రోజులు ఫోన్లో చదివాను. చదివింది ఎంతో, అర్థమైంది ఎంతో ఇప్పుడు చెబుతాను.

గుర్రం బూటంటే మన బూటు కాదు. గిట్టకి తొడగరు. మోకాలి కింది నుంచి గిట్ట పై కీలు దాకా చుట్టే కవచం. అందులో టెండన్ బూటు కాలి వెనక నరాన్ని కాపాడుతుంది. వెనక గిట్ట ముందుకొచ్చి తగిలే గుర్రాలకి అది. బెల్ బూటు ఒక్కటి మాత్రం గిట్ట చుట్టూ గంటలా వేలాడుతుంది. మూడోది బ్రషింగ్ బూటు. దానికి ఒక పక్క గట్టి మెత్త ఉంటుంది, దాన్ని స్ట్రైక్ ప్యాడ్ అంటారు. దెబ్బ దాని మీద పడాలి, కాలి మీద కాదు. ఆ గట్టి మెత్త చూడగానే ఇదే మనకి కావలసిందని తీర్మానించాను. దెబ్బ ఎటు నుంచి వస్తుందన్న ఆలోచన నాకు రానే లేదు. ఎటు నుంచేమిటి, పోలయ్య ఇంటి వైపు నుంచి!

ఇక దేంతో చేసినవి కొనాలి? "తోలువి తెప్పిద్దాం బాబూ, షాన్‌గా ఉంటాది" అన్నాడు సింహాచలం. మా గాలిలో తోలు వస్తువుకి మూడో రోజున గడ్డం మొలుస్తుంది, నాలుగో రోజున మీసం. లోపల ఉన్ని ఉన్నవి చూశాం. ఒడ్డున ఒక్క నడక నడిస్తే ఉన్ని నిండా ఇసుక చేరి, పుండు మీద ఉప్పుకాగితంతో రుద్దినట్టే. చివరికి నియోప్రీన్ అన్నాను. నీళ్లలో దూకే డైవర్లు ఒంటికి అంటుకునే నల్ల సూటు వేసుకుంటారే, ఆ సరుకు. కడిగితే ఇసుక పోతుంది, త్వరగా ఆరుతుంది. ఈ ఒక్క ముక్కలో నేను చెప్పింది సరైందేనని తరవాత డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

టేపుతో కాలి పొడవు, చుట్టుకొలత తీశాను. కొలిచే ఐదు నిమిషాల్లో బిజిలీ నా చొక్కా కాలరు సగం నమిలింది. చెన్నై ఓడలో పనిచేసే సింహాచలం మేనల్లుడు వారం తిరక్కుండా ఒక జత పట్టుకొచ్చాడు. ఒకదాని మీద ఎల్, ఇంకోదాని మీద ఆర్ అని రాసి ఉంది.

"ఎల్ అంటే ఎడంకాలే కదా బాబూ?"

"ఎవరి ఎడం?" అన్నాను సూక్ష్మబుద్ధితో. "నేను గుర్రానికి ఎదురుగా నిలబడ్డాను. నా ఎడమ పక్కన ఉన్నది దాని కుడికాలు. బూటు తొడిగేవాడి ఎడమ చూడాలి గానీ, తొడిగించుకునేదాని ఎడమ చూస్తారా?"

పైగా అలా తొడిగితే మెత్త బయటికి వచ్చింది, శత్రువు వైపు. బిగించే వెల్క్రో పట్టీలు రెండు కాళ్ల మధ్యకి వెళ్లాయి. వెల్క్రో అంటే చెప్పులకుంటుందే, కర్రున ఊడేది. మర్నాడు పొద్దున్న బిజిలీ ఆ మెత్తలని లోకానికి చూపిస్తూ నడిచింది. సింహాచలం పోలయ్య గుమ్మం ముందు ఒక దగ్గు దగ్గాడు.

ఒడ్డుకి చేరేసరికి ఒక బూటు లేదు. కొత్త గాటు ఉంది!

వెతుక్కుంటూ వెనక్కి వచ్చి చూస్తే, ఆ బూటు పోలయ్య కంచె మీద వేలాడుతోంది. కడిగి మరీ ఆరేసి ఉంది.

"సబూత్ దొరికింది బాబూ, పక్కా సాక్ష్యం!" సింహాచలం బూటుని పైకెత్తి చూపించాడు. "బూటు పీకీసి, నెత్తురు కడిగీసినాడు. ఇంకా ఏటి కావాల?"

నాకూ ఇంకేమీ అక్కర్లేదనిపించింది. కూర్చుని కాయితం రాశాను. 'వంపు తిరిగిన పదునైన ఆయుధంతో, ఎదురింటి వ్యక్తి చేసినట్టు భావించదగిన గాయములు.' మామూలుగా నా రాత పీతలు పాకినట్టుంటుంది, నా మందుచీటీ నేనే చదువుకోలేను. ఆ రోజు మాత్రం ఒక్కో అక్షరం ముత్యంలా పడింది. ఫోటో తీసి డాక్టరు గారికి పంపాను. ఆయన సరే అనగానే సింహాచలం ఠాణాకి బయల్దేరడమే. చొక్కా కూడా మార్చుకుని కూర్చున్నాడు.

డిగ్లీపూర్‌లో సిగ్నలు దొరకబుచ్చుకుని డాక్టరు గారు ఫోన్ చేశారు. మెచ్చుకుంటారని నిలబడి ఎత్తాను.

"దెబ్బ ఏ పక్కనయ్యా?"

"ముందు కాళ్లకి సార్."

"అది చదివాను. కాలికి లోపలి పక్కా, బయటి పక్కా?"

ఫోన్ పట్టుకుని బిజిలీ దగ్గరికి వెళ్లి వంగాను. "లోపలి పక్కే సార్. అన్నీ లోపలి పక్కే."

ఆయన తల పట్టుకున్నారని నాకు తెలిసిపోయింది. "రెండు కాళ్ల మధ్యలో దూరి కత్తి తిప్పాడా ఆ మనిషి? సర్కసులో చేస్తాడా? జెన్షన్ వయొలెట్ ఉందిగా. ఒక గిట్ట అంచుకి పూసి, తడి ఆరకముందే ఆ మలుపు దగ్గర నడిపించు. ఎక్కడ అంటుకుందో చూడు. అంతవరకు ఎవరినీ ఠాణాకి పంపకు."

జెన్షన్ వయొలెట్ అంటే పుండ్లకి రాసే ఊదారంగు మందు. ఎడమ గిట్టకి పూశాను. బూట్లు నా పద్ధతిలోనే తొడిగి ఉన్నాయి. సింహాచలం తాడు పట్టుకున్నాడు. మలుపు రాగానే బిజిలీ పరుగందుకుంది, తిన్నగా పోలయ్య గుమ్మానికి. గౌరమ్మ కొంగు చాటు నుంచి అరటిపండు తీసింది. మమ్మల్ని చూసి మళ్లీ దాచబోయింది గానీ, అప్పటికే పండు గుర్రం నోట్లో ఉంది.

నేను నేల మీద బోర్లా పడుకున్నంత పనిచేసి చూశాను. కుడికాలి బూటు లోపలి పట్టీ మీద ఊదారంగు. నెలవంక! ఒక పట్టీ సగం ఊడి ఉంది కూడా. ఆత్రంగా వంపు తిరిగేటప్పుడు ఒక గిట్ట అంచు రెండో కాలికి తగులుతోంది. కొట్టిందీ అదే, బూటు ఊడదీసిందీ అదే.

పోలయ్య వలలోంచి లేచి వచ్చి, మా పక్కనే గొంతుక్కూచుని తొంగి చూశాడు. "ఏటి బాబూ, ఏటి పోనాది?"

చెప్పక తప్పలేదు. కత్తిపీటతో సహా చెప్పాను. ఆయన బిజిలీ గిట్టని, నన్ను, సింహాచలం కొత్త చొక్కాని మార్చి మార్చి చూశాడు.

"అయితే దొంగ దొరికినాది కదా. మరి దీన్ని ఠాణాకి ఎలగ తీసికెల్తారు, నడిపించా, ఎక్కా?"

"కంచె మీద బూటో?" సింహాచలం ఇంకా ఒక గింజ అనుమానం దాచుకున్నాడు.

"దార్లో పడుంటే కుక్కలెత్తుకుపోతాయని కడిగి ఎట్టినాను. నీ ఇంటికి తెద్దునా? నువ్వు మాటాడకపోతివి."

గౌరమ్మ ఊరుకోలేదు. "ఒల్లకో అన్నయ్యా, ఊరుకో! నీ గుర్రం పరిగెట్టుకుని మా గుమ్మంలోకి రోజూ వస్తన్నాది. అదే తొక్కినాది మా వల, అదే తింతన్నాది మా అరటిపల్లు. నువ్వు ఎదురింటోడివి, నెల్లాళ్లై ఒక్కపాలి వచ్చినావా?"

సింహాచలం గుర్రం తాడు పోలయ్య చేతిలో పెట్టి, వాకిట్లో కూర్చుని, చిరిగిన వల ఒళ్లోకి లాక్కుని ముడివేయడం మొదలుపెట్టాడు. "సూది ఇలాగివ్వు బావా" అన్నాడు. పోలయ్య ఇచ్చాడు. ముందు తిట్టి ఇచ్చాడు.

నేను బూట్లు కుడి ఎడమలు మార్చి తొడిగాను. మెత్త లోపలికి, పట్టీలు బయటికి, పట్టీ కొసలు వెనక్కి, లోపల ఒక వేలు పట్టేంత వదులు. డాక్టరు గారు వచ్చి పెరిగిన గిట్టలు చెక్కి సరిచేశారు. అసలు వైద్యం అదే, బూటు కాపలా మాత్రమే. ఆ ఆదివారం బరాత్‌లో ఎడమ గిట్ట ఇంకా ఊదాగానే ఉంది. పెళ్లివారు అడిగితే సింహాచలం "మెహెందీ" అన్నాడు. వాళ్లు రెండోదానికీ పెట్టమన్నారు. పెట్టాను.

బూటుకి గట్టి మెత్త ఎటు తిప్పామో చూస్తే చాలు, మనం ఎవరిని అనుమానిస్తున్నామో తెలిసిపోతుంది. ఏ పక్కనుంచి తగిలావని నేను గాయాన్ని అడగనే లేదు. ఆ కాయితం చింపెయ్యమన్నారు డాక్టరు గారు. చింపలేదు. నా జీవితంలో అంత అందంగా రాసింది అదొక్కటే. ఇప్పటికీ ఏ కేసు రాస్తున్నప్పుడైనా అక్షరాలు ముత్యాల్లా పడడం మొదలుపెడితే కలం మూసేస్తాను. లేచి వెళ్లి పశువు చుట్టూ ఇంకోసారి తిరిగి వస్తాను. పీతలు పాకడం మొదలయ్యాకే మళ్లీ రాస్తాను.