మంగళహారతి మీద కాపీరైటు

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం ఉండేది. ఆ ధైర్యంతోనే మురమళ్ళలో మా నాన్నగారి పెద్దక్క, అంటే మా అత్తయ్య, పాడిన మంగళహారతిని ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టేశాను. ఆ పాట కట్టింది అత్తయ్య నాయనమ్మ. ఊళ్ళో పెళ్ళిళ్ళకి పాడేదట, అది విని చుట్టుపక్కల వాళ్ళూ నేర్చుకున్నారట. అత్తయ్య చిన్నపిల్లగా ఉండగానే ఆవిడ పోయింది. నెల తిరక్కుండా ఏదో పాటల కంపెనీ నుంచి ఈమెయిలు వచ్చింది: ఈ పాట మాది, వారంలోగా సరైన జవాబివ్వకపోతే కోర్టుకెళతాం.

"పోలీసులొస్తారేవిట్రా?" అంది అత్తయ్య, బియ్యం ఏరడం ఆపేసి. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. "నేనున్నాను కదా అత్తయ్యా" అన్నాను. (అని ఆ ఈమెయిలు మళ్ళీ మొదట్నుంచీ చదివాను.)

తిండీ నిద్రా మాని ఇంటర్నెట్టంతా గాలించి, పెద్ద పెద్ద మాటలతో ఓ జవాబు తయారుచేసి, అమలాపురంలో మాకు తెలిసిన ప్లీడరుగారికి చూపించాను. ఆయన ఆసాంతం చదివేరు. "బాగా రాసేవయ్యా. అయితే ఇది అమెరికా చట్టం. మనకీ ఓ చట్టం ఉంది, చూసేవా?" అన్నారు. ఆ క్షణంలో నేల చీలితే బాగుండునని చూశాను. చీలలేదు. ప్రభుత్వం వారి వెబ్‌సైటులో మన కాపీరైటు చట్టం మొత్తం ఉచితంగానే ఉందని ఆయనే చూపించారు.

గడువు రేపటితో ముగుస్తుందనగా అసలు సంగతి దొరికింది. పాట రాసినవారు పోయాక అరవై ఏళ్ళు దాటితే దానిమీద ఎవరికీ హక్కు ఉండదు. అత్తయ్య నాయనమ్మ పోయి దాదాపు డెబ్భై ఏళ్ళు. కంపెనీ వారిది వాళ్ళ గాయని రికార్డింగు మాత్రమే. మా అత్తయ్య గొంతు వాళ్ళది కాదు. ఆ రెండు ముక్కలే రాసి పంపాను. రెండు రోజులు ఫోను మోగితే ఉలిక్కిపడ్డాం. మూడోనాడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నామని కబురొచ్చింది.

ఇక మిగిలింది అత్తయ్యకి చేదు నిజం చెప్పడం. "పాట వాళ్ళది కాదత్తయ్యా. కానీ... మనదీ కాదు" అన్నాను నసుగుతూ.

"అంటే మా నాయనమ్మ పాట ఎవరైనా పాడుకోవచ్చా?"

"ఆయ్, ఎవరైనా."

ఆవిడ మొహం విచ్చుకుంది. "మరి ఆ కంపెనీ పిల్ల ఎలా పాడిందో వినిపించు." కళ్ళు మూసుకుని విని, చివర్లో నొచ్చుకుంది. "పాపం, ఆఖరి చరణం తెలీదురా ఆ పిల్లకి. ఓసారి ఫోన్ కలుపు, నేర్పుతాను."

అంత చట్టం చదివిన నాకు, నేర్పాలన్న మాట తట్టనే లేదు. ఫోన్ పట్టుకుని తెల్లమొహం వేసి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్నే, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా.