పెన్సిల్‌తో రాసిన నవ్వు

మా నాన్న నాటకశాలలో ప్రాంప్టరు. నటులు మాట మరిచిపోతే తెర చాటునుంచి అందించడం ఆయన పని. జనం నవ్వే చోటల్లా నాటకం పుస్తకం అంచున పెన్సిల్‌తో ‘నవ్వు’ అని రాసుకునేవారు. నవ్వు సద్దుమణిగేదాకా నటులు ఆగాలి కదా.

ఒక హాస్యనాటకం మొదటిసారి ఆడిన రోజు, అందులో మొగుడు తన పెళ్లాం చెంప ఛెళ్లుమనిపించగానే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆమె తిరిగి చెయ్యెత్తగానే కుర్చీలు విరగ్గొట్టారు. మొగుడి దెబ్బ హాస్యమట, పెళ్లాం దెబ్బ అనాచారమట. నాన్న రెండు మాటలు రాసుకున్నారు: ‘నవ్వు’, ‘గొడవ’.

ముప్ఫయ్యేళ్ల తర్వాత, నిన్న, అదే పుస్తకంతో మళ్లీ ఆడారు. మొదటి చెంపదెబ్బ కొట్టి, నటుడు నవ్వు కోసం ఆగాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఆమె చెయ్యెత్తినప్పుడు మాత్రం చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చి నాన్న రబ్బరు వెతుక్కుని రెండు మాటలూ చెరిపేశారు.

“కాలం మారిపోయిందే. అక్కడ ఒక్కరూ నవ్వలేదు,” అన్నారు అమ్మతో.

అమ్మ బట్టలు మడతపెడుతూ తలెత్తకుండానే అంది.

“మొదటి రోజు కూడా ఆడవాళ్ల వరసలో ఎవరం నవ్వలేదు. మీరది రాసుకోలేదు.”