మా ఇంట్లో బాలింతని నేనే

యానాంలో మనిషి చెయ్యి వణికితే డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఎవరూ అనరు. ఏ సారా కొట్లో తాగొచ్చాడో అనుకుని నవ్వుకుంటారు. నేను బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. కొట్ల మీద పేర్లు, పడవల మీద పేర్లు, పెళ్ళి పందిళ్ళకి స్వాగతాలు. ఎనభైల్లో ఒక ఎండాకాలం నా అక్షరాలు కుడివైపుకి వెళ్ళేకొద్దీ కిందికి దిగిపోవడం మొదలుపెట్టాయి. కిరాణా కొట్టాయన తన బోర్డు కేసి చూసి, "ఏం బాబూ, రాసేరోజైనా తాగకుండా రావచ్చు కదా" అన్నాడు. నేను జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. ఎంత కోపం వచ్చిందంటే, నిచ్చెన దిగొచ్చి ఆయన ముక్కు దగ్గర నోరు తెరిచి ఊదాను. ఆయన వాసన చూసి కూడా నమ్మలేదు.

తర్వాత కుంచె చేతిలోంచి జారిపడింది. ఇంకో వారానికి నేనే పడ్డాను. నా భార్య నన్ను పాండిచ్చేరి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఎడమవైపు మెదడు మీద నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. మంచి గడ్డేనన్నారు. గడ్డల్లో మంచివి కూడా ఉంటాయని అప్పుడే తెలిసింది. గుండు గీసి, పుర్రె తెరిచి, దాన్ని తీసేశారు.

మెలకువ వచ్చాక నేను చూసుకున్నది నా కుడిచెయ్యినే. దుప్పటి మీద ఎవరో తమ చెయ్యి మర్చిపోయి వెళ్ళినట్టు పడి ఉంది. కదపమంటే వేళ్ళు కొంచెం ఆలోచించి, ఊరుకున్నాయి.

"చెయ్యి తిరిగొస్తుంది. ఎన్నాళ్ళకొస్తుందో, ఎంతవరకు వస్తుందో మాత్రం చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆ "ఎంతవరకు" అన్న మాట నన్ను పట్టుకుంది. అన్నం కలుపుకునే చెయ్యి వేరు, అక్షరం రాసే చెయ్యి వేరు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే నేనేం చేసి బతకాలి?

పంపించేరోజు డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ నా భార్య ఒక కాగితం మీద రెండువైపులా రాసుకుంది. పగలంతా నిద్రొస్తుంది, పడుకోనివ్వాలి. కుట్ల దగ్గర దురద పెడుతుంది, గోకకూడదు. తెలిసిన మాటే నోటికి రాదు, తొందరపెట్టకూడదు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, సైకిలూ నిచ్చెనా ఎక్కకూడదు. ఫిట్సు మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. కారణం లేకుండా కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, కంగారుపడకూడదు. "కోపం సంగతి రాయక్కర్లేదండి, అది ముందునుంచీ ఉన్నదే" అందట డాక్టరుతో. నేను నిద్రలో ఉన్నాను కాబట్టి బతికిపోయింది.

యానాంలో గుమ్మం దగ్గర మా అమ్మ దిష్టి తీసి, నా తలకేసి ఒక నిమిషం చూసింది. మెదడు ఆపరేషనైన మనిషిని ఎలా చూసుకోవాలో ఆవిడకి తెలియదు. తెలిసిందల్లా బాలింతని చూసుకోవడం. మా వీధిలో పురుళ్ళన్నీ ఆవిడ చేతిమీదే జరిగేవి.

"లోపల్నించి ఒకటి తీసేరు. రక్తం పోయింది. ఒళ్ళు పచ్చిగా ఉంది. ఇది పురుడు కాక ఇంకేంటే?" అంది నా భార్యతో.

ఆ మాట అంటూనే నా చెవుల్లో దూది పెట్టేసింది. తలకి మెత్తటి పాతచీర ముక్క చుట్టింది. మంచం కింద కుంపటి వెలిగింది. చన్నీళ్ళు బంద్. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, తెలగపిండి కూర. తెలగపిండి దేనికి పెడతారో తెలిసినవాళ్ళకి నా అవస్థ అర్థమవుతుంది. అది బాలింతలకి పాలు పడడానికి.

"అమ్మా, నాకు ఆపరేషన్ తలకయింది" అన్నాను.

"బలానికిరా. తిను."

నా భార్య కాగితం పట్టుకుని పక్కనే కూర్చునేది. విచిత్రమేమిటంటే అత్తాకోడళ్ళు చాలా విషయాల్లో ఒకే మాట మీద ఉన్నారు. వంగొద్దు, బరువెత్తొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు, నిద్రపో. నేను మూత్రానికి లేచినా ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్ళు. గొడవంతా సాంబ్రాణి పొగ దగ్గరే వచ్చింది. "కుట్లమీద పొగ తగలకూడదండి అత్తయ్యగారూ" అని నా భార్య పట్టుబడితే, పొగ నా కాళ్ళకి వేసేలా రాజీ కుదిరింది. ఆ నెలంతా నా పాదాలు పూజగదిలా వాసన వేశాయి.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడది దగ్గర్లోని దరియాలతిప్ప పల్లె. మా అమ్మ ఆవిడకి "బాలింతకి పెట్టాలి, లేత సొరపిల్లలుంటే తే" అని చెప్పింది. మా వైపు బాలింతకి సొరచేపతో చేసే సొరపిట్టు పెట్టడం ఆనవాయితీ. మర్నాడు ఆవిడ తట్ట దించుతూనే, "ఆయ్, అమ్మగారండీ, కోడలమ్మగారికి మగపిల్లాడాండి, ఆడపిల్లాండి?" అంది. మా అమ్మ మంచం మీదున్న నన్ను చూపించింది. తలకి గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకి జారబడిపోయింది. సొరపిల్లలకి ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

అప్పటికే ఆ కబురు వీధి దాటేసింది. ఎదురింటి కేథలిక్ అవ్వ రెండురోజులు కూర్చుని అల్లిన పసిపిల్లల ఉన్నిటోపీ తెచ్చింది. సంగతి తెలిశాక టోపీ వైపు, నా గుండు వైపు చూసి, "ఇంకో రెండు ఉండల దారం పడుతుందయ్యా" అని కొలత తీసుకుని వెళ్ళింది. వారానికల్లా నాకు ఎర్రటోపీ వచ్చింది. గోదావరి జిల్లాల ఉక్కలో ఉన్నిటోపీ పెట్టుకున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంతమంది నవ్వుతున్నా చెయ్యి మాత్రం నవ్వనిచ్చేది కాదు. ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని రోజుకి వందసార్లు నొక్కాలి. పది నొక్కేసరికి జారి మంచం కింద పడేది. ఒకరోజు "ఇక నాకు బోర్డుల్లేవు, ఏమీ లేవు" అని ఎడమచేత్తో దాన్ని పెరట్లోకి విసిరికొట్టాను. ఏడుపు కూడా వచ్చింది. నా భార్య కాగితం చూసి, "ఇది రాసిందేనండి" అంది. ఆ మాటకి కోపం రెట్టింపయింది, ఆ వెంటనే నవ్వొచ్చింది.

మా అమ్మ మిరియాలూ శొంఠీ బెల్లమూ నెయ్యీ వేసి దంచిన బాలింత కాయం గిన్నెతో తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఉండలు నువ్వే కట్టుకో. కట్టినన్నే తిను. ఎడంచెయ్యి పెట్టావో, చూడు" అంది. నేను తీపంటే పడిచస్తాను. మొదటిరోజు గంట కూర్చుంటే అయినవి రెండు ఉండలు, అవీ వంకరవి. వారం తిరిగేసరికి ఆరు. "బంతి అయితేనేం, కాయం అయితేనేం" అని నా భార్య ఆ సంగతి కూడా కాగితం అంచున రాసుకుంది.

ఇంటికొచ్చిన ఇరవై ఒకటో రోజు పొద్దున్నే అమ్మ నన్ను నూతి దగ్గరికి రమ్మంది. బాలింత ఆ రోజు నూతికి పసుపు రాసి, బొట్టుపెట్టి, చేద వేసి నీళ్ళు తోడాలి. అప్పటితో ఆమె మళ్ళీ ఇంట్లో మనిషి అయినట్టు. నా భార్య కాగితం తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

"వంగకూడదండి. బరువు ఎత్తకూడదండి."

"చెంబు బరువా?" అంది అమ్మ. చేదకి బదులు తాడుకి చిన్న ఇత్తడి చెంబు కట్టి ఉంచింది.

గట్టుకి పసుపు, బొట్టు పెట్టి చెంబు వదిలాను. నీళ్ళ చప్పుడు విని కుడిచేత్తో లాగడం మొదలుపెట్టాను. మా నుయ్యి లోతేమీ కాదు. అయినా సగందాకా వచ్చేసరికి వేళ్ళు సడలి, తాడు జారడం మొదలెట్టింది. ఎడమచెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. అమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆ చెయ్యి కాదు" అంది.

పళ్ళు బిగించి వేళ్ళు మూశాను. ఈసారి అవి ఆలోచించలేదు. తాడు ఆగింది. జానెడు జానెడు చొప్పున చెంబు గట్టుమీదికి వచ్చింది. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. పట్టుకోవలసిన దాన్ని పట్టుకునే చెయ్యి ఉంటే, కుంచె సంగతి తర్వాత చూసుకోవచ్చు. కిరాణా కొట్టు బోర్డు మరో మూడు నెలలకి తిన్నగా తిరగరాసిచ్చాను కూడా.

అమ్మ చెంబు అందుకుని నీళ్ళు గట్టుమీద పోస్తూ, మామూలుగా, కూరగాయల సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ లేదు కదా. అత్తగారూ లేదు. ఎనిమిదో రోజునే బిందె ఎత్తాను. పథ్యం లేదు, పసుపు లేదు. నాకు చేద వేయించినోళ్ళు ఎవరూ లేరురా."

నేను ఏడ్చేశాను. కారణం లేకుండా ఏడుపు వస్తుందని డాక్టరు చెప్పాడు. ఇది అది కాదు. నా భార్య కూడా కాగితం చూడలేదు. దాన్ని మడిచి రవికలో పెట్టుకుని, లోపలికెళ్ళి పసుపుగిన్నె మళ్ళీ తెచ్చి అత్తగారి చేతికిచ్చింది.

నేను తాడు అందించాను. "నువ్వు వెయ్యమ్మా" అన్నాను.

"ముసలిదానికి ఇప్పుడేంటిరా ఈ వేషాలు" అంటూనే గట్టుకి పసుపు రాసి, బొట్టుపెట్టి, చెంబు వదిలింది. ఆవిడ చెంబు నిండుగా పైకొచ్చింది. నాది సగమే.