అడ్డచుట్ట ఆరేదాకా

ఆ రోజుల్లో నేను మాటకారినని నాకు మహా నమ్మకం. విజయనగరంలో చదువు ముగించి, భావనపాడులో చేపలమ్ముకునే తల్లుల పిల్లల్ని పగటిపూట చూసుకునే చిన్న సంస్థలో చేరాను. దాతల్ని అడిగే పని నాకు అప్పజెప్పారు. పని నేర్పే ఆవిడని పెద్దక్క అనేవాళ్లం. ఆవిడ పాఠం ఒక్కటే. "అడగాల్సింది ఒక్కసారి అడుగు. అడిగాక నోరు ముయ్యి. అవతలోళ్లు పలికేదాకా పలక్కు." (ఇదీ ఒక పాఠమేనా అని లోపల నవ్వుకున్నాను.)

అంతలో పిల్లలుండే ఇల్లు మర్నాటికి ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. వేరే చోటు దొరక్కపోతే కేంద్రం మూతే. తల్లులు చంకలో పసివాళ్లతో, నెత్తిన గంపతో ఎండలో తిరగాల్సిందే. ఊళ్లో ఖాళీగా ఉన్నది చేపల వ్యాపారం చేసే మామ్మగారి వలల షెడ్డొక్కటే. పెద్దక్కా నేనూ వెళ్లాం. "ఏటే, ఇలగొచ్చినారు? కూకోండి" అంటూ మామ్మ చుట్ట ముట్టించింది. నేను గడగడా అడిగేశాను, "పిల్లల కోసం మీ షెడ్డు ఇవ్వండి మామ్మా" అని. ఆవిడ చుట్ట తిప్పి, అడ్డచుట్టగా నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, నా కళ్లలోకే చూస్తూ కూర్చుంది.

మాట లేదు. ఇవ్వదు, పిల్లల గతేమిటి? పెద్దక్క నా కాలు తొక్కింది. తగ్గించి అడగమంటోందనుకున్నాను (నా తెలివి తెల్లారినట్టే ఉంది!). "మొత్తం వద్దు మామ్మా, సగం చాలు." ముక్కులోంచి పొగ వచ్చింది గానీ మాట రాలేదు. పెద్దక్క ఇంకా గట్టిగా తొక్కింది. "పోనీ, వసారా చాలు." అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. "అయ్యో, బయట చూరు కిందైనా సర్దుకుంటాం మామ్మా!"

మామ్మ తాపీగా చుట్ట తీసి నుసి రాల్చింది. "నోట్లో నిప్పెట్టుకుని మాటాడతారేటే ఎవులైనా? షెడ్డంతా తీసుకోమందామనుకున్నాను. సూరు సాలంతన్నావు కదా, సూరే తీసుకో."

పెద్దక్క తల పట్టుకుంది. మర్నాడు పిల్లల్ని చూరు కింద కూర్చోబెట్టి, నీడ జరిగినకొద్దీ వాళ్లనీ జరుపుతున్నాను. నాకు ఏడుపొకటే తక్కువ. మధ్యాహ్నానికి మామ్మ తాళం చేతులతో వచ్చింది. "ఒసే, పిల్లలనుకున్నావా, ఎండుసేపలనుకున్నావా? లోపలికి తే!" అంది. అప్పుడు మాత్రం ఏడ్చేశాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం నేనే చెబుతున్నాను. మొన్నొక అమ్మాయి, "అడిగాక ఎంతసేపు నోరు మూసుకోవాలి మేడమ్?" అంది. "చుట్ట ఆరేదాకా" అన్నాను. పాపం, దానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఒక దాత ఇంటికి వెళ్లాం. అడగాల్సింది చక్కగా అడిగింది. ఆయన ఆలోచనలో పడ్డాడు. పిల్ల పెదవులు కదిలాయి, అచ్చం అప్పటి నాలాగే. ముద్దొచ్చింది. మెల్లగా దాని కాలు తొక్కాను.