బీరువా చాటు మంచం

ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగు అనకాపల్లిలో, స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా. రిటైర్మెంటుకు ముందు వేసవిలో ఓ మధ్యాహ్నం బైపాస్ దగ్గరి కొత్త అపార్ట్‌మెంట్ నుంచి కాల్ వచ్చింది. పడకగదిలో మంటలు.

మేం వెళ్లేసరికి ఇరుగుపొరుగువాళ్లు మంట ఆర్పి, ఆ ఇంటి పెద్దావిడ పైడమ్మ గారిని కిందికి దింపారు. పక్షవాతంతో మంచం పట్టిన మనిషి. మునగపాకలో చెరకు భూమి కౌలుకిచ్చి కొడుకు అప్పలరాజు దగ్గరికి వచ్చేశారు. అతను అచ్యుతాపురంలో మందుల కంపెనీలో ఆపరేటరు. ఆవిడ ఒళ్లు బాగా కాలింది.

గదిలోకి వెళ్లి చూస్తే నాకు మతిపోయింది. స్ప్రింక్లర్ పనిచేసింది. వేడికి అందులోని గాజు గుళిక పగిలి, నీళ్లు కొట్టి, నేలంతా మడుగైంది. మంచం మాత్రం బొగ్గయింది. స్ప్రింక్లర్ తలుపు పైన గోడకుంది. పక్కన నైరుతి మూల స్టీలు బీరువా, దాని మీద శ్లాబును అంటేదాకా ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు. మంచం వాటికి అవతల. నీళ్లన్నీ బీరువాకే తగిలాయి. మంచం కింద ఎక్స్‌టెన్షన్ బాక్సులో పుట్టిన మంట పరుపును తింటూ పోయింది.

స్ప్రింక్లర్‌కీ గదిలో ఏ మూలకీ మధ్య అడ్డు ఉండకూడదన్నది రూలు. అనుమతి ఇచ్చే ముందు మా శాఖ అది చూస్తుంది. కానీ అప్పుడు గదులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ గదిలో అడ్డేముంటుంది? గృహప్రవేశం కాగానే మనవాళ్లు బీరువాను మోసుకొచ్చి నైరుతిలో నిలబెడతారని ఏ ప్లానులోనూ గీయరు. తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అప్పలరాజు డ్యూటీలోంచి పరుగున వచ్చాడు. తడిసిన గోడల్ని చూసి నన్నే అడిగాడు.

"నీళ్లొచ్చేయి గదండి బాబూ, మా అమ్మ మీదెందుకు పడనేదండి?"

బీరువా చూపించి, సంగతి చెప్పాను.

"ఆ మూలెట్టమన్నది అమ్మేనండి" అన్నాడు.

ఆ వారంలోనే ఆవిడ విశాఖ ఆసుపత్రిలో పోయారు. కబురు విని ఏడ్చాను.

ఆ తర్వాత తనిఖీకి వెళితే, కాపురాలున్న ఇళ్లలో మంచం మీద పడుకుని పైకి చూసేవాణ్ణి. కొందరు నవ్వేవారు. పడుకున్న చోటికి స్ప్రింక్లర్ కనబడకపోతే దాని నీళ్లూ అక్కడికి చేరవు. బీరువా జరపమంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. మంచం జరపమంటే మాత్రం వెంటనే జరిపేవారు. నమ్మకంతో తగువు పెట్టుకోకుండా పని జరిపించుకోవడం అలా నేర్చుకున్నాను. పైడమ్మ గారి గదిలోనూ స్ప్రింక్లర్‌కి ఎదురుగా, కిటికీ వైపు మంచానికి చోటుంది.