సారు దగ్గర కొన్న పిస్తోలు

పత్తికొండ టమోటా మండీలో వేలం జరుగుతుండగా ఫోన్ వచ్చింది. మైదుకూరు నుంచి, సారు పక్కింటి అక్క.

"సారు పోయినాడప్పా. మొన్ననే సమాధి చేసినాము. నీ నంబరు ఇప్పుడు దొరికింది, ఒక డబ్బీ మూత మీద రాసిపెట్టినాడు" అంది.

సరేనక్కా అన్నాను. సాయంత్రం దాకా బుట్టల తూకాలు రాసుకుంటూ కూర్చున్నాను. మండీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన నీకేమవుతాడని అడుగుతారు. నాకు చదువు చెప్పిన సారు కాదు. చుట్టమూ కాదు. ఆయన దగ్గర నేనొక పాత పిస్తోలు కొన్నాను.

అది పోటీల్లో పది మీటర్ల దూరంలోని అట్టను కాల్చే గాలి పిస్తోలు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినప్పటి నుంచి నాకు ఆ ఆట మీద మనసు. కొత్తది కొనే స్తోమత లేదు. మైదుకూరులో రిటైరైన డ్రిల్లు సారు ఒకాయన తనది అమ్ముతాడని విని, పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం బస్సెక్కాను.

ఆయన పిస్తోలును టవలు మీద పెట్టి ముందు లోపాలన్నీ చూపించాడు. "ఈ మోడలు కంపెనీవాళ్లు నిలిపేసినారు. సామాన్లు యాడా దొరకవు. ఈ మర దీనిది కాదు, గడియారంది. పిడి నా సేతికి సెక్కింది, నీకు ఒరుసుకుంటాది. బాగ సూసుకోని తీసుకో, మళ్లా నన్ను తిట్టగాకు."

తర్వాత చెయ్యి చాపి గురిపెట్టమన్నాడు. గురి కుదరలేదు. "దించు" అన్నాడు. మళ్లీ ఎత్తాను. మళ్లీ "దించు." ఇరవైసార్లయినా అయ్యుంటుంది, ఒక్క గుండు కూడా కాల్చనియ్యలేదు.

"కుదరకుంటే దించేయాలప్పా. దించినందుకు ఎవురూ మార్కులు కోయరు. అది తెలీక నేను శానా పోగొట్టుకున్యా" అన్నాడు. ఏం పోగొట్టుకున్నాడో నేను అడగలేదు.

భార్య పోయాక ఆయన ఒక్కడే ఉండేవాడు. ముందు గది గడప నుంచి, వంటింటి గుండా, పెరట్లోని నాపరాళ్ల గోడ దాకా తాడుతో కొలిస్తే పది మీటర్లు. గోడకు పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టె, దాని మీద అట్ట. పక్కింటి అక్క మజ్జిగ తెచ్చేది ఆ పెరటి దారినే. ఆమె తడిక దగ్గర ఆగి "వస్తాండా సార్" అని కేకేసేది. ఆయన పిస్తోలు దించి "దించినా, రామ్మా" అనేవాడు. అది వినకుండా ఆమె అడుగు పెట్టేది కాదు. పిస్తోలు నాకు అమ్మేశాక కూడా వాళ్లు ఆ పద్ధతి మానలేదు. ఉత్త చేతులతో కూర్చుని కూడా ఆయన "దించినా" అనే అనేవాడు.

ఈ పిస్తోలు పక్కనున్న మీటను ఒకసారి తెరిచి మూస్తే లోపల ఒక గుండుకు సరిపడా గాలి నిండుతుంది. ఆ గాలిని పట్టి ఉంచేది చిన్న రబ్బరు సీలు. విడి సీళ్లు మాత్రం ఆయన నాకివ్వలేదు. "నా దగ్గరే ఉండనీ. ఆర్నెల్లకోసారి తీసుకోని రా, నేనే మారుస్తా" అన్నాడు.

అలాగే పోయేవాణ్ని. ఆయన మీట మూసి, పిస్తోలు చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, "సీలు బిరుసెక్కిందప్పా" అనేవాడు. లోపలి గదిలోకి పోయి మార్చుకొని వచ్చేవాడు. ఉగ్గాని తినేవాళ్లం. చెరో పది గుండ్లు కాల్చేవాళ్లం. మాటలు తక్కువ. నాలుగు గంటల బస్సు కదిలేదాకా ఆయన కిటికీ కిందే నిలబడేవాడు.

పక్కింటి అక్క ఒకసారి అననే అంది. "ఏమప్పా, మళ్లా వచ్చినావా? ఆ తుపాకీకి గాలి పోతాదా, మీ ఇద్దరికీ పొద్దు పోదా?" సారు నవ్వి మజ్జిగ తాగాడు.

నిజానికి సీలు మార్చకముందుకీ మార్చాకకీ నాకెప్పుడూ తేడా తెలియలేదు. ఆయన చెవి నా చెవికన్నా మంచిదనుకున్నాను. అలా అనుకోవడం నాకూ బాగుండేది. పత్తికొండలో ఈ ఆట సంగతి మాట్లాడుకోవడానికి నాకు ఒక్క మనిషి లేడు.

ఫోన్ వచ్చిన తర్వాతి ఆదివారం పోయాను. అక్క సారు ఇంటి తాళం తీసి, మూత మీద నా నంబరున్న డబ్బీ నా చేతిలో పెట్టింది. నూనె గుడ్డలో చుట్టిన సీలు ఒక్కటే ఉంది.

"మిగతావి యాడక్కా?"

"మిగతావి యాడివప్పా? మొదట్నుంచీ రెండే. ఒకటి నీ పిస్తోల్లో, ఒకటి ఈడ. నువ్వొచ్చినప్పుడల్లా దాన్ని తీసి దీన్ని ఏస్తాండె, మళ్లా దీన్ని తీసి దాన్ని. నీకు సెప్పొద్దన్యాడు. సెప్తే ఆ పిల్లోడు రాడమ్మా అన్యాడు."

అమ్మేటప్పుడు ఒక్క లోపమూ దాచని మనిషి, లేని లోపాన్ని పదకొండేళ్లు చెప్పాడు. పోయిన ఏడాది నాకు పని ఎక్కువై రెండుసార్లు పోలేదు. ఫోన్ చేసి "సీలు బాగానే ఉంది సార్" అన్నాను. "అట్లనా. మంచిదేలే" అన్నాడు. అదే చివరి మాట.

టీ తెస్తానని అక్క తనింటికి పోయింది. నేను ముందు గది గడప దగ్గర, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. వంటింటి అవతల, గోడ దగ్గరి పెట్టె మీద అట్ట అలాగే ఉంది. తడిక దాకా వచ్చిన గ్లాసుల చప్పుడు ఆగింది.

"వస్తాండా సార్."

అలవాటు కొద్దీ కేకేసిన ఆమె తడిక దాటి లోపలికి రాలేదు.

డబ్బీ ఉన్న చేతిని కిందికి దించాను.

"దించినా, రాక్కా" అన్నాను.